ఎప్పుడూ రాని పదిహేనో పాఠం

గురువారం బడి వదిలే గంట మోగీ మోగకముందే పశువుల డాక్టరు ఫిలిస్ క్రామర్ రబ్బరు బూట్లతోనే జీవశాస్త్రం గదిలోకి వచ్చేసింది. బూట్ల నిండా పేడ. ఇరవై ఆరేళ్ళుగా ఆ గదిలో పాఠాలు చెబుతున్న మార్లిస్ ఓవర్బే ఆ పేడ వంకా, అప్పుడే తుడిచిన నేల వంకా చూసి ఊరుకుంది. స్కూలు బోర్డు మెంబరు బూట్ల గురించి టీచర్లు మాట్లాడరు.

"ఆదివారం ఎన్నికల సభలో నువ్వు నా పక్కన కూర్చోవాలి మార్లిస్," అంది ఫిలిస్, కుర్చీ వెతుక్కోకుండా బల్ల మీదే కూలబడుతూ. "లేకపోతే వెండెల్ నన్ను నమిలి మింగేస్తాడు. పన్నుల గురించి అడిగితే చెప్తా. బస్సుల గురించి అడిగితే చెప్తా. దేవుడు ఆరు రోజుల్లో లోకాన్ని చేశాడా, కోట్ల ఏళ్ళు పట్టిందా అంటే నేనేం చెప్పను? దూడ అడ్డం తిరిగితే ఎలా లాగాలో తప్ప నాకేం తెలీదు."

"నేను ఎన్నికల్లో నిలబడలేదుగా?"

"ఒక్కొక్కరి తరఫున ఒకళ్ళు మాట్లాడొచ్చట. సభ నడిపే లూసిల్‌ని అడిగే వచ్చా. అయినా ఇది నీ క్లాసు గొడవ. నువ్వు కాకపోతే ఎవరు మాట్లాడతారు?"

ఆ మాట నిజమే. ప్రెయిరీ బెండ్ ఊళ్ళో విత్తనాలూ కలుపు మందులూ అమ్మే వెండెల్ స్ట్రోడ్ ఈసారి స్కూలు బోర్డులో ఫిలిస్ సీటుకి పోటీ పడుతున్నాడు. అతను ఇచ్చిన వాగ్దానం ఒక్కటే. జీవులు తరతరాలుగా మారుతూ వచ్చాయని చెప్పే పాఠానికి సరిసమానంగా, దేవుడే అన్నిటినీ ఇప్పుడున్నట్టుగా సృష్టించాడన్న పాఠం కూడా సైన్సు క్లాసులోనే చెప్పాలి. అది చెప్పడం కుదరకపోతే ఇదీ చెప్పొద్దు. కోర్టులు దీన్ని ఎప్పుడో కొట్టేశాయి కదా అని ఎవరైనా అంటే, "కోర్టుకి మన ఊరి దారి తెలిసేసరికి పదేళ్ళు పడుతుందిలే," అని నవ్వేవాడు. ఏడుగురి బోర్డులో ముగ్గురు ఇప్పటికే అతని మాట మీదున్నారు. అతను గెలిస్తే నలుగురవుతారు. అప్పుడు కొత్త సంవత్సరం నుంచి మార్లిస్ తన గదిలో తన నోటితో ఏం చెప్పాలో విత్తనాల కొట్లో నిర్ణయమవుతుంది. అది తలుచుకుంటేనే ఆమెకి ఒళ్ళు మండిపోతోంది.

"సరే, వస్తాను," అంది.

ఫిలిస్ వెళ్ళాక పేడ తుడుస్తూ మార్లిస్ ఇంకో సంగతి తలుచుకుంది. అప్పుడు ఒళ్ళు మండలేదు, చల్లబడింది. వెండెల్ గొడవ చేస్తున్న ఆ పాఠం పుస్తకంలో పదిహేనోది. దాన్ని ఆమె పదకొండేళ్ళుగా చెప్పలేదు.

చెప్పనని ఎవరితోనూ అనలేదు. ఆ మాటకొస్తే తనతో తాను కూడా అనుకోలేదు. ప్రతి ఆగస్టులోనూ ఏడాది ప్రణాళిక రాసేటప్పుడు ఆ పాఠాన్ని తీసుకెళ్ళి మే నెల ఆఖరి రెండు వారాల్లో పెట్టేది. మే నెలలో మా ఊళ్ళో చదువెక్కడ సాగుతుంది? పరుగు పందేలు, డాన్సు పార్టీ, సుడిగాలి వస్తే ఎక్కడ దాక్కోవాలో నేర్పే కసరత్తు, పెద్ద క్లాసు పిల్లల వీడ్కోలు. అన్నీ అయ్యేసరికి పుస్తకాలు వెనక్కిచ్చే రోజు వచ్చేది. "టైము చాల్లేదు, ఇంటి దగ్గర చదువుకోండి," అనేది. సెలవుల్లో జీవశాస్త్రం చదివే పిల్లని ఆమె పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. పదకొండేళ్ళలో ఒక్క తండ్రిగానీ తల్లిగానీ ఆ పాఠం ఏమైందని అడగలేదు. హెడ్మాస్టరు అయితే ఆవిడ క్లాసు మీద ఒక్క ఫిర్యాదూ రాదని మీటింగుల్లో మెచ్చుకునేవాడు.

ఆదివారం ఆ సంగతి ఎవరైనా అడిగితే? 'ఎవరడుగుతారులే' అని తనకు తానే సర్దిచెప్పుకుంది. ఈసారి గండం గట్టెక్కితే వచ్చే ఏడు పదిహేనో పాఠాన్ని మార్చికి తెచ్చేస్తానని మొక్కులాంటిది కూడా మొక్కుకుంది.

శనివారమంతా వంటింటి బల్ల దగ్గర కూర్చుని అట్టముక్కల మీద పాయింట్లు రాసుకుంది. ఆమె భర్త డ్వెయిన్ కాఫీ తాగుతూ ఆ అట్టముక్కల్ని తలకిందులుగా చదవడానికి ప్రయత్నించాడు.

"వెండెల్‌తో గొడవెందుకే?" అన్నాడు చివరికి. "మనవాడు."

"గొడవ కాదు, చర్చ."

"వాడు చర్చలో ఓడిపోడు. వాడికి ఓడిపోయినట్టు తెలియదు." తన మాటకి తనే నవ్వుకుని డ్వెయిన్ ట్రాక్టరు దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆదివారం మధ్యాహ్నం చర్చి ప్రార్థనలు ముగిశాక ఊరు ఊరంతా ఫైర్ స్టేషన్ షెడ్డులో చేరింది. ఫైరింజన్లు రెండిటినీ బయటికి తోసి, ఇనుప మడత కుర్చీలు వేశారు. గోడవారన కుక్కర్లలో చిక్కుడుగింజల చిల్లీ ఉడుకుతోంది. దాని పక్కనే పళ్ళేల నిండా దాల్చినచెక్క రోల్స్. ఆ తియ్యటి రోల్‌ని కారపు చిల్లీలో ముంచుకుని తినకపోతే మా వాళ్ళకి అది భోజనమే కాదు, సభ సభే కాదు. లైబ్రరీ లూసిల్ మైకు దగ్గర నిలబడి, జనం చీటీల మీద రాసిచ్చిన ప్రశ్నలన్నీ కాఫీ డబ్బాలో వేసుకుని కలియబెడుతోంది. బడి పిల్లలు గోలచేస్తే ఎలా చూసేదో పెద్దవాళ్ళనీ అలాగే చూస్తోంది.

మొదటి చీటీలోనే ఆ ప్రశ్న వచ్చింది. రాకేం చేస్తుంది, డబ్బాలో సగం చీటీలు అవే.

వెండెల్ లేచాడు. ఆరడుగుల మనిషి, ఆదివారం చొక్కా, ఎండకి కాలిన మెడ. మైకు అక్కర్లేని గొంతు.

"నేను సైన్సుకి శత్రువునని ఫిలిస్ ఊరంతా చెబుతోంది. ఏవమ్మా ఫిలిస్, నిజమేనా? నేను విత్తనాలమ్ముకు బతికేవాణ్ణి. సైన్సు లేకపోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు. నేనడిగేది ఒక్కటే. మన పిల్లలకి రెండు వైపులా చెప్పండి. నీ తాత కోతి అని ఒక్క వైపే ఎందుకు చెప్పడం? రెండూ చెప్పి, ఏది నిజమో వాళ్ళనే తేల్చుకోమనండి. ఇందులో అన్యాయం ఏముంది?"

చప్పట్లు గట్టిగానే పడ్డాయి. ఫిలిస్ మోచేత్తో పొడిచింది. మార్లిస్ లేచి అట్టముక్కలు చేతిలోకి తీసుకుంది కానీ వాటి వంక చూడలేదు.

"వెండెల్, నీ కొట్లో కలుపు మందు గురించి ఒక మాట అడగనా?"

"అడుగు. కొంటావా?"

నవ్వులు. మార్లిస్ కూడా నవ్వింది.

"పదిహేనేళ్ళ కిందట నువ్వు మాకు ఒక మందు అమ్మావు. ఒక్క పిచికారీతో తోటకూర కలుపు మొత్తం మాడిపోయేది. ఇప్పుడు అదే మందు కొడితే ఆ కలుపు మన మొహం చూసి నవ్వుతోంది. ఏమైంది దానికి?"

"అలవాటు పడింది."

"ఏ మొక్కా అలవాటు పడలేదు. చావాల్సినవన్నీ చచ్చాయి. వెయ్యింట్లో ఒకటి పుట్టుకతోనే ఆ మందుకి చావని రకం. అది బతికి, గింజ రాల్చింది. మరుసటేడు మన పొలాల్లో మొలిచినవి దాని పిల్లలు. పదిహేనేళ్ళలో మన కళ్ళముందే కలుపు మారిపోయింది. నేను చెప్పే పాఠం ఇదే వెండెల్. దీనికి రెండో వైపు లేదు. ఉంటే నువ్వు మాకు మూడేళ్ళకోసారి కొత్త మందు ఎందుకు అమ్ముతున్నావు?"

షెడ్డంతా గొల్లున నవ్వింది. వెనక వరసలో ఎవరో, "పాత మందు వాపసు తీసుకో వెండెల్!" అని అరిచారు. ఫిలిస్ అయితే బల్ల మీద గుద్దింది. డ్వెయిన్ కూడా నోటికి టోపీ అడ్డం పెట్టుకున్నాడు. మార్లిస్‌కి ఒళ్ళంతా తేలికైపోయింది. ఇన్నేళ్ళ తర్వాత ఆ పాఠం నోట్లోంచి ఎంత హాయిగా వచ్చింది!

వెండెల్ కూడా అందరితో కలిసి నవ్వాడు. "బాగుంది. నన్ను నా కొట్లోనే పడగొట్టింది. కానీ మార్లిస్, కలుపు కలుపుగానే ఉంది కదా? మొక్కజొన్న అయిపోలేదు కదా? దేవుడు చేసిన కలుపు కాస్త మొండిదైంది, అంతేగా?" దానికీ నవ్వారు. అతను చెయ్యెత్తి అందర్నీ ఆపాడు.

"అసలు నేనూ మార్లిస్సూ పోట్లాడుకోవడమే తప్పు. మా ఇద్దరి మాటా ఒకటే. మీకు నమ్మకం లేకపోతే చూడండి. పాతికేళ్ళలోపు వాళ్ళు, మార్లిస్ క్లాసులో చదివినవాళ్ళు, చేతులెత్తండి."

నలభై దాకా చేతులు లేచాయి. చర్చిలో పాటలు పాడే పిల్లలు, ధాన్యం గాదెల్లో పనిచేసేవాళ్ళు, చంకలో పసిపిల్లలతో కొత్త తల్లులు. ఆదివారం కూడా వృద్ధాశ్రమం డ్యూటీ దిగి యూనిఫాంతోనే వచ్చిన వెండెల్ చిన్న కూతురు జోలీన్ కాఫీ పోస్తున్నదల్లా రెండో చెయ్యెత్తింది.

"బాగుంది. ఇప్పుడు ఆ పదిహేనో పాఠం, ఆ మారిపోవడాల పాఠం, క్లాసులో మార్లిస్ నోట విన్నవాళ్ళు చేతులు అలాగే ఉంచండి. విననివాళ్ళు దించండి."

చేతులు దిగాయి. మొదట ముందు వరసలో, తర్వాత గోడవారన, తర్వాత అన్నీ. కొంతమంది ఒకరి మొహం ఒకరు చూసుకుని దించారు. జోలీన్ చెయ్యి అన్నిటికంటే ఆఖరున దిగింది. షెడ్డులో ఒక్క చెయ్యి కూడా పైన లేదు.

ఇప్పుడు వీళ్ళంతా తనని దొంగని చూసినట్టు చూస్తారు అనుకుంది మార్లిస్. వెండెల్ వేలు చూపించి, చెప్పనిదాని కోసం ఎందుకీ పోట్లాట అని అడుగుతాడు. అడగనీ. ఆ తిట్లకి సిద్ధపడింది.

వెండెల్ తిట్టలేదు. అతని గొంతు మెత్తబడింది.

"నా ముగ్గురు పిల్లలూ ఈవిడ దగ్గరే చదువుకున్నారు. ఒక్కరికీ ఆ పాఠం చెప్పలేదు. ఎవరూ అడక్కుండానే మానేసింది. పైనుంచి రాజధానిలో వాళ్ళు చెప్పమన్నా, పుస్తకంలో ఉన్నా, మన పిల్లల విశ్వాసం చెడగొట్టడం ఇష్టంలేక తనకి తనే మానేసింది. బోర్డుకి లేని వెన్నెముక ఈవిడకి ఉంది. ఇవాళ ఫిలిస్ మొహమాటపెట్టి తీసుకొచ్చినట్టుంది, పోనీండి. మార్లిస్, ఇన్నేళ్ళుగా నువ్వు చేస్తున్నదాన్నే నేను కాగితం మీద పెడతానంటున్నాను. నీకు మా ఊరి తరఫున థాంక్స్ చెప్పాలని ఎప్పట్నించో అనుకుంటున్నా."

అని చప్పట్లు మొదలుపెట్టాడు. ముందు వరస లేచింది. తర్వాత రెండోది. ఇనుప కుర్చీలు కిర్రుకిర్రుమంటూ వెనక్కి జరిగాయి. ఇందాక ఆమె కలుపు మాటకి పడీపడీ నవ్వినవాళ్ళు కూడా లేచారు. ఊరు ఊరంతా లేచి నిలబడి మార్లిస్ ఓవర్బేకి చప్పట్లు కొట్టింది. ఆమె బతుకులో ఎప్పుడూ ఎవరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టలేదు. చెప్పిన పాఠాలు ఎన్నో ఉండగా, చెప్పని పాఠానికి కొట్టారు.

తిడితే ఏమనాలో ఆమెకి తెలుసు. దీనికి ఏమనాలో ఏ అట్టముక్క మీదా రాసుకోలేదు.

ఫిలిస్ కళ్ళింతలు చేసుకుని చూస్తోంది. "నిజమేనా?" అంది, గొంతు తగ్గించి. మార్లిస్ తలూపింది. "నీ మొహం మండా," అని, మరుక్షణంలోనే చెవి దగ్గరికి వంగింది. "టైము చాల్లేదని చెప్పు. అందరు టీచర్లూ అదే చెబుతారు. చెప్పి కూర్చో."

చప్పట్లు సద్దుమణిగాయి. లూసిల్ మైకులో, "మిసెస్ ఓవర్బే, జవాబుకి రెండు నిమిషాలు," అంది.

టైము చాల్లేదు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. పదకొండేళ్ళుగా చెప్పి చెప్పి అరిగిపోయిన మాట, చెబితే చాలు, జారిపోయేది. కానీ ఎదురుగా వెండెల్ ఆమె వంక ఎంత ప్రేమగా చూస్తున్నాడంటే, ఆ చూపు ముందు అబద్ధం కూడా రాలేదు.

"వెండెల్ చెప్పింది నిజమే," అంది. "నేను ఆ పాఠం చెప్పలేదు. మీ విశ్వాసం కోసం కాదు. టైము చాలకా కాదు. భయపడి చెప్పలేదు."

వెండెల్ మొహంలో నవ్వు ఇంకా పోలేదు. "భయమా? ఎవరంటే?"

"మీరంటే."



"మేమంటేనా?" వెండెల్ నిజంగానే అదిరిపడ్డాడు. ఓట్ల కోసం నటించే మనిషి కాదతను, ఆ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. "మేమేం చేశాం మార్లిస్? ఎప్పుడైనా ఒక్క మాటన్నామా నిన్ను? డ్వెయిన్ గుండె ఆపరేషనయి ఆస్పత్రిలో పడుంటే మీ గోధుమ ఎవరు కోశారు? తొమ్మిది కోతమిషన్లు తెచ్చాం. మా పొలాల్లో పంట రాలిపోతున్నా వదిలేసి వచ్చాం. ఆరువందల ఎకరాలు ఒక్క రోజులో కోసి గాదెకి తోలాం. మా ఆడవాళ్ళు మీ వాకిట్లో టేబుళ్ళు వేసి అందరికీ వండిపెట్టారు. ఒక్కడూ డీజిలు డబ్బులు కూడా అడగలేదు. అలాంటి మమ్మల్ని చూసి భయపడ్డావా?"

మార్లిస్ వెనక్కి తలుచుకుంది. ఆపరేషను అయిన ఏడు. ఆ జూను కోత. ఆ తర్వాతి సెప్టెంబరు. అప్పట్నించి ఎన్నేళ్ళు? వేళ్ళు మడవకుండానే లెక్క తేలింది. పదకొండు. ఇన్నేళ్ళూ తనని తాను అడగని ప్రశ్నకి జవాబు వెండెల్ నోట్లోంచి వచ్చిపడింది.

"అదే," అంది. "అప్పట్నించే వెండెల్. దానికి ముందు నేను ఏటేటా ఆ పాఠం చెప్పాను. మీలో కొంతమందికి కోపం వచ్చేది, ఉత్తరాలు రాసేవాళ్ళు, నేను పడేదాన్ని. ఆ కోత తర్వాత క్లాసులోకి వెళితే ఎదురుగా మీ పిల్లలు. వాళ్ళ నాన్నలు మా పొలంలో దుమ్ముకొట్టుకుని నిలబడినవాళ్ళు. వాళ్ళింట్లో నమ్మేదానికి ఎదురుగా ఉన్న మాట చెప్పడానికి నోరు పెగల్లేదు. ఈ ఏటికి వద్దులే అనుకున్నా. మరుసటేడూ అంతే. మీరు నన్ను తిట్టేవాళ్ళయితే చెప్పేదాన్ని. మంచివాళ్ళయిపోయారు."

"మేమేదో ఆశించి కొయ్యలేదు." వెండెల్ మొహం ఎర్రగా కందిపోయింది. చెంపదెబ్బ తిన్నవాడిలా ఉన్నాడు. "నీ నోరు మూయించడానికి కోశామంటావా?"

"అనను. మీరేం అడగలేదు. నాకు నేనే మూసుకున్నా."

మూడో వరసలో డ్వెయిన్ లేచి నిలబడ్డాడు. ఏం చెయ్యాలని లేచాడో అతనికే తెలియదు. "నాకెప్పుడూ చెప్పలేదేమే?" అన్నాడు, షెడ్డు నిండా జనం ఉన్నారన్నది మరిచిపోయి.

"చెబితే ఏమనేవాడివి?"

డ్వెయిన్ నిజాయితీగా ఆలోచించాడు. "మానేయమనేవాణ్ణే," అని మెల్లగా కూర్చున్నాడు. పక్కవాళ్ళు అతని వంక చూడకుండా చిల్లీ గిన్నెల్లోకి చూసుకున్నారు.

మార్లిస్‌కి ఏడుపు వస్తోంది, కానీ దాని అడుగున ఎక్కడో ఊరట కూడా ఉంది. ఊరందరి ముందూ నిజం చెప్పేసింది. పిరికిదాన్నని ఒప్పుకోవడానికి కూడా ధైర్యం కావాలి కదా! ఇంక ఎవరేమన్నా అనుకోనీ. రేపు పొద్దున్నే పదిహేనో పాఠం తీస్తుంది. వెండెల్ గెలిస్తే గెలవనీ, బోర్డు ఆమెని పీకేస్తే పీకేయనీ. ఆ నిమిషాన తనంటే తనకి కాస్త గౌరవం కూడా కలిగింది. అది నిమిషమే నిలిచింది.

"నేనొకటి అడగొచ్చా?"

కాఫీ దగ్గర్నించి జోలీన్ ముందుకొచ్చింది. ఇరవై రెండేళ్ళ పిల్ల. చేతిలో కాఫీ జగ్గు అలాగే ఉంది.

"చీటీ మీద రాసివ్వాలమ్మా," అంది లూసిల్.

"కూర్చో జోలీన్, పెద్దవాళ్ళం మాట్లాడుకుంటున్నాం," అన్నాడు వెండెల్.

"లేదు నాన్నా. నువ్వు కూర్చో." జోలీన్ తండ్రి వంక చూడలేదు. "మిసెస్ ఓవర్బే, ఆ రోజు కోతకి మా నాన్న వచ్చాడు. నేను రాలేదు. నాకప్పుడు పదకొండేళ్ళు. మా నాన్న దగ్గర మీరు మొహమాటపడ్డారు, సరే. దానికి నా పాఠం ఎందుకు తీసి ఇచ్చారు? అది మీదా ఇవ్వడానికి?"

జోలీన్ జవాబు కోసం ఆగలేదు.

"మీరు నాకు ఎ గ్రేడిచ్చారు. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఇంత చురుకైన పిల్లని చూడలేదని రాశారు. ఆ కాగితం మా అమ్మ ఫ్రిజ్ మీద అంటించింది. ఇప్పటికీ ఉంది. అది చూసుకునే నర్సింగులో చేరడానికి యూనివర్సిటీకి వెళ్ళాను. మొదటి నెలలోనే జీవశాస్త్రం ప్రొఫెసరు ఆ పాఠం దగ్గరికొచ్చి, ఇదంతా మీరు స్కూల్లో చదివిందే, తొందరగా దాటేద్దాం అన్నాడు. అందరూ తలూపారు. నాకు ఒక్క ముక్క తెలీదు. చెయ్యెత్తి, అదేంటో చెప్పండి సార్ అన్నాను. రెండొందల మంది నవ్వారు. నేను జోకేశాననుకుని ఆయనా నవ్వాడు. పరీక్షలో సగం ప్రశ్నలు దాని మీదే. తర్వాతి పరీక్ష దాని మీద ఆధారపడి ఇంకోటి."

"నీకు ఆ ఊరు పడలేదన్నావు కదా?" వెండెల్ గొంతు పూర్తిగా మారిపోయింది. "ఇంటి మీద బెంగగా ఉందన్నావు. అందుకేగా నేనొచ్చి తీసుకొచ్చాను?"

"ఏం చెప్పమంటావు నాన్నా? నాకు బుర్ర లేదని చెప్పనా? నాకు బుర్ర లేదనే అనుకున్నా. ఎ గ్రేడు కూడా మిసెస్ ఓవర్బే జాలిపడి వేసుంటుందనుకున్నా. మూడేళ్ళపైన అదే అనుకుంటూ ముసలాళ్ళ పక్కలు మారుస్తున్నా. అదేం తక్కువ పని కాదు, నాకిష్టమే. కానీ నేను ఎంచుకున్నది కాదు. ఇందాక నువ్వు చేతులెత్తించావు చూడు, అందరి చేతులూ దిగినప్పుడు తెలిసింది నాకు. నా ఒక్కదానికే కాదు, ఎవరికీ చెప్పలేదని. నేను మొద్దుదాన్ని కాదని."

ముందు వరసలో ఎవరో లేచి ఆమె చేతిలోని జగ్గు అందుకున్నారు.

"మీరు మా నాన్నకి భయపడ్డారు. మా నాన్న మీకు చప్పట్లు కొట్టాడు. మధ్యలో నేనెక్కడున్నాను?" అంది జోలీన్. అరవలేదు. అరిచి ఉంటే ఇద్దరికీ కాస్త తేలికయ్యేది.

వెండెల్ ఇంకా నిలబడే ఉన్నాడు. అట్టముక్కలు మార్లిస్ చేతిలోంచి జారి నేల మీద పడ్డాయి. వంగి తీసుకోవాలని కూడా ఆమెకి తోచలేదు. తప్పంతా తన నోటిదే అనుకుంది ఇప్పటిదాకా. తన పిరికితనం, తన పరువు, తన ఊరు, తన ధైర్యం. ఏడాదికి నలభై మంది చొప్పున ఎదురుగా కూర్చుని పుస్తకాలు తెరిచిన పిల్లలు ఆ లెక్కలో ఎక్కడా లేరు. కోతకి వచ్చిన తొమ్మిది మంది పేర్లూ ఆమెకి ఇప్పటికీ కంఠతా వచ్చు.

"రేపు," అంది మార్లిస్. "రేపు పొద్దున్నే మొదలుపెడతాను జోలీన్. ఎనిమిదింటికి. నువ్వూ రా. ఆఫీసులో నేను చెబుతాను. మొదటి నుంచీ చెబుతాను, నీకు ఎన్ని రోజులు కావాలంటే అన్ని రోజులు."

జోలీన్ కోపంగా కూడా లేదు.

"రేపు పొద్దున నాకు డ్యూటీ ఉందండీ," అంది. "పన్నెండు మందికి స్నానాలు చేయించాలి."

కుర్చీ మీద కోటు తీసుకుని తొడుక్కుంది. జనం మోకాళ్ళు పక్కకి జరిపి దారిచ్చారు. ఆమె వెళ్ళాక ఫైరింజన్ల వైపు తలుపు మూసుకున్న చప్పుడైంది.

లూసిల్‌కి ఏం చెయ్యాలో తోచక కాఫీ డబ్బాలో చెయ్యి పెట్టి తర్వాతి చీటీ తీసింది. వ్యాయామశాల కప్పు కారుతోంది, బోర్డు ఎప్పుడు బాగుచేయిస్తుందని ఎవరో అడిగారు. ఆ ప్రశ్న రెండుసార్లు చదివింది. వెండెల్, మార్లిస్ ఇద్దరూ ఆ తలుపు వంకే చూస్తూ నిలబడ్డారు.